మంగళవారం ఉచితం

ఉదయం తొమ్మిదింటికి వాళ్ల మీటింగు.
ఎనిమిదీ నలభైకి నా మెయిలు వాళ్ల బల్ల మీద పడాలి.
తొమ్మిదీ ఐదుకి పడితే
చల్లారిన కాఫీ, ఎవరూ ముట్టరు.
ఈ మాత్రం తెలియడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

మొదటిసారి నాలుగు పేజీలు రాశాను.
డులూత్ రేవుతో మొదలుపెట్టి
ఇనుప ఖనిజం ఓడలు, మూతపడ్డ మిల్లు,
మా మామగారు ఈ లాండ్రీ కొన్న ఏడాది,
అన్నీ చెప్పి చిట్టచివర
మంగళవారం సాయంత్రాలు ఇక్కడ
చిల్లర లేనివాళ్లు ఉచితంగా ఉతుక్కోవచ్చని.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఫోన్ చేస్తే డెస్కులో ఎవరో గ్లెన్ అట,
ఏదో నములుతూ అన్నాడు:
"మంచి పనేనమ్మా, కానీ బొమ్మేది?
మంచితనం కెమెరాకి కనపడదు.
అక్కడ ఏం కదులుతుందో చెప్పు."

ఆ రాత్రి కొట్టు కట్టేసే ముందు
గుండ్రటి అద్దాల ఎదుట కుర్చీ వేసుకున్నాను.
ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే.
ఎవరిదో ఎర్ర స్వెటరు పైకెక్కి, జారి,
మళ్లీ ఎక్కుతోంది.
కదులుతున్నాయి గ్లెన్,
కదలనిది ఇక్కడ నేనొక్కదాన్నే.

తర్వాత తెలిసింది, ఒక మనిషి కూడా కావాలి.
పదిమందైతే గుంపు,
ఒక్కడైతే వార్త.

ఒక్కడున్నాడు, ఆర్విడ్.
ఉన్నది ఒకటే కోటు.
అది మిషన్లో తిరిగే ముప్పై రెండు నిమిషాలూ
నేనిచ్చిన పూల టేబుల్ గుడ్డ భుజాల మీద కప్పుకుని,
డ్రయరుకి వీపు ఆనించి,
ఎప్పటిదో పడవల పత్రిక తిరగేస్తూ కూర్చుంటాడు,
సొంత ఇంట్లో కూర్చున్నట్టు.

సబ్జెక్టు లైనులో కొట్టాను:
ఒకే కోటున్న మనిషి, టేబుల్ గుడ్డలో.
ఐదే మాటలు.
ఎంత బాగా కుదిరాయో చూసుకుంటే
కడుపులో ఏదో తిప్పింది.
చెరిపేశానని చెప్పుకుంటే బాగుండేది.
పంపాను.

పన్నెండు నిమిషాల్లో జవాబు.
రెండేళ్లలో మొదటిది.
"రిపోర్టరు బయల్దేరింది. ఆయన మాట్లాడతాడా?"

బ్రిన్ సోల్‌బర్గ్. ఇరవై మూడుంటాయేమో.
వ్యాను నడిపేదీ తనే, కెమెరా మోసేదీ తనే,
దాని ముందు నిలబడేదీ తనే.
నడుము పైన నీలం కోటు, లిప్‌స్టిక్కు;
నడుము కింద మంచు బూట్లు,
ఒకదాని మీద ఒకటి రెండు ఉన్ని పంట్లాలు.

"టేబుల్ గుడ్డ ఆయన ఎక్కడ?"

ఆర్విడ్ ఆమెకి ఆరడుగుల దూరంలో ఉన్నాడు.
వ్యాను మీది చానెల్ అంకె చూశాడు కాబోలు,
ఆ రోజు కోటు విప్పలేదు.
మెడదాకా బొత్తాలు పెట్టుకుని
నా వంక ఒక్కసారి చూశాడు.

"ఇవాళ రాలేదు" అన్నాను.

ఆమె ఆ కోటు చూసింది,
మోచేతి దగ్గర మరక చూసింది, నన్ను చూసింది.
రిపోర్టరు కదా, కళ్లున్నాయి.
ఏమీ అనకుండా ముక్కాలి పీట లాక్కుని
కెమెరా అద్దాల వైపు తిప్పింది.

సరస్సు గాలికి ఆమె గ్లవ్స్ తడిసి ముద్దయ్యాయి.
నా జేబులో నాణెం వేసి ఆరబెట్టాను.
అవి ఆరేలోగా మెల్లగా చెప్పింది,
తను ఉండే గదికి మిషను లేదట,
అన్నీ స్నానాల తొట్టిలో పిండుకుంటుందట.
"మంగళవారం ఎవరైనా రావచ్చా?" అంది.
బోర్డు మీద ఉందిగా, అన్నాను.

ఆ రాత్రి వాతావరణం తర్వాత
ఇరవై రెండు సెకన్లు.
తిరిగే బట్టలు, మా బోర్డు, అంతే.
గ్లెన్ ఫోన్ చేశాడు: "బొమ్మ బాగుంది, మనిషే లేడు."

ఆర్విడ్ మళ్లీ రాలేదు.
ఒక మంగళవారం, రెండో మంగళవారం.
టేబుల్ గుడ్డ ఉతికి, మడిచి, విప్పి
కొక్కేనికి తగిలించాను.
అవతలి వీధి షెల్టరులో అడిగాను.
ఏ ఆర్విడ్, అన్నారు.

మూడో మంగళవారం తలుపు తోసుకుని బ్రిన్ వచ్చింది.
కెమెరా లేదు, లిప్‌స్టిక్కు లేదు,
చంకలో దిండు గలీబు నిండా బట్టలు.
టీవీలో కనిపించే ఆ నీలం కోటు
నాలుగో నంబరు మిషన్లో వేసి,
చలికి చేతులు చంకల్లో దాచుకుంటూ
చుట్టూ చూసింది.
"ఆయన వచ్చాడా?"

"ఇవాళ రాలేదు" అన్నాను.
కొక్కెం మీది గుడ్డ తీసి ఆమెకిచ్చాను.