రెండు రూపాయల దూరం

పలమనేరు డిపోలో ఇరవై ఆరేళ్ళు
ఊళ్ళ పేర్లు అరిచి బతికినదాన్ని.
బంగారుపాళ్యం, బంగారుపాళ్యం, దిగేవాళ్ళు ముందుకు రండి
అంటూనే ఉన్నాను గానీ
ఆ ఊరి మన్ను ఏ రంగో ఎరగను.
ఊరంటే నాకు స్టేజీ నంబరు,
స్టేజీ అంటే ఛార్జీ,
ఛార్జీ అంటే చిల్లర లేదనే తగువు.

రిటైరైన నాలుగో నెల, మాఘంలో,
ఒక గుడ్డ సంచి, నీళ్ళ సీసా,
నావి కరుస్తాయని మా ఆయన పాత చెప్పులు,
ఇంతే వేసుకుని బయల్దేరాను
పలమనేరు నుంచి తిరపతికి,
నడిచి.

మొగిలి ఘాటు దిగుతుంటే తెలిసింది
మలుపు మలుపునా నేను పట్టుకు వేలాడిన కమ్మీకి అవతల
పిట్టలు ఇంత గోల చేస్తాయని.
ఇన్నేళ్ళూ ఇంజనే మాట్లాడింది.

దిగాక మామిడి తోపులు, పూత.
గానుగ దగ్గర ఒకడు మోదుగాకులో వేడి పాకం పోసిచ్చి
నాలిక కాలిందా అని నవ్వాడు.
కాలింది.

ఏడున్నర బస్సు నన్ను దాటిపోయి, ఆగి, వెనక్కొచ్చింది.
డ్రైవరు మునస్వామి తల బయట పెట్టి
"ఏందక్కా ఇది, ఎక్కు, టికెట్టు అడగంలే" అన్నాడు.
కిటికీల్లోంచి ముప్పై మొహాలు చూశాయి.
పో నాయనా, టైముకి పో అన్నాను.

"మొక్కుబడా తల్లీ?"
ప్రతి ఊళ్ళోనూ అదే మాట.
ఈ తట్టు నడిచేవాళ్ళంతా
కొండకే పోతారని లెక్క.
కాదు, ఊరికే, అంటే నమ్మరు.
అవునంటే మజ్జిగ ఇస్తారు.
రెండో రోజుకి అవుననడం నేర్చుకున్నాను.
కాణిపాకం దారి దాటాక ఒకామె
గ్లాసు చేతికిచ్చి నా కాళ్ళకి వంగబోతే
ఇంక ఆగలేక చెప్పేశాను,
లేదమ్మా, నేను కొండెక్కడం లేదు.
ఆమె కాసేపు చూసి
"అట్లయితే ఇంకో గ్లాసు తాగు, ఎండగుండాది" అంది.

పూతలపట్టు దాటాక చింతమాకులపల్లె, పదమూడో స్టేజీ.
దాని తర్వాత దిగువ ఈడిగపల్లె, పద్నాలుగు.
మధ్యన రెండు రూపాయలు.

ఒక కార్తీకం, వాన, ఆఖరి ట్రిప్పు.
చెనక్కాయల మూటతో ఒకావిడ,
రెండు రూపాయలు తక్కువ.
దారిలో చెకింగు ఉందని డిపోలో చెప్పి పంపిన రోజు.
పదమూడులోనే దించేశాను.
మూట నేనే కిందికి అందించాను.
ఆ అందించడం ఒక్కటీ గుర్తుపెట్టుకుని
ఇన్నేళ్ళూ నిద్రపోయాను.

ఇవాళ ఆ దూరం నడిచాను.
ముందు సపోటా తోట, దాని ముళ్ళకంచె.
తర్వాత కల్వర్టు.
గోడ మీద కూర్చోవచ్చు,
కానీ తడిసిన మూట దించితే
మళ్ళీ నెత్తికెత్తేవాళ్ళు ఉండరు.
ఆ పైన దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ లేదు,
ఒక కుక్క మాత్రం తన హద్దు దాకా సాగనంపింది.
నలభై రెండు నిమిషాలు.
పగలు. పొడి నేల. చేతులూపుకుంటూ.

ఈడిగపల్లెలో ఎవరని అడగను?
టికెట్టు మీద ఊరుంటుంది, పేరుండదు.
టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను.
టీ ఎనిమిది. పది నోటిచ్చాను.
కొట్టు పిల్ల డబ్బా అంతా కెలికి
"రెండు రూపాయల్లేవు పెద్దమ్మా,
మళ్ళొచ్చినప్పుడు తీసుకో" అంది.
అచ్చం నా గొంతు.
నేను రోజుకు యాభైసార్లు చెప్పిన మాట.

సరే అన్నాను.

చంద్రగిరిలో ఒక రాత్రి, తొండవాడలో ఇసుకలో కాళ్ళు కాసేపు.
నాలుగోనాటి సాయంత్రం తిరపతి బస్టాండు.
పైన కొండ దారి దీపాలు వెలిగాయి.
కింద నుంచే చూశాను, చాలనిపించింది.
పలమనేరు బస్సెక్కి కిటికీ పక్కన కూలబడ్డాను.

పద్నాలుగు వచ్చింది. కండక్టరు పిల్లోడు పేరు అరవలేదు,
దిగేవాళ్ళు లేరు గనక.
మూడు నిమిషాల్లో పదమూడూ దాటిపోయింది.
బయటంతా చీకటి.
కల్వర్టు ఎక్కడొచ్చి పోయిందో
ఆ బస్సులో నేనొక్కదాన్నే చెప్పగలను.