రెండు వందల పద్నాలుగో పేజీ

కుటాయిసి గ్రంథాలయం కింది గదిలో
వెన్ను విరిగిన పుస్తకాలకి
కట్టు కట్టే పని నాది.
కిటికీ అవతల రియోని నది,
ఇవతల జిగురు గిన్నె, సూది, మైనం పూసిన దారం.

ఈ నవల మూడోసారి వచ్చింది.
బల్ల మీద నిటారుగా నిలబెట్టి చేతులు తీశాను.
దానంతటదే విచ్చుకుంది
రెండు వందల పద్నాలుగో పేజీ దగ్గర.
గుర్తుగా ఆకు లేదు, రిబ్బను లేదు.
వేళ్ళకి దారి తెలుసు.
నలుగురూ పట్టుకునే గొళ్ళెంలా
అంచులు నల్లబడ్డాయి.

మిగతా పుస్తకం కొత్త నోటులా ఫెళఫెళలాడుతోంది.
నాతెలా పిల్లలకి భిన్నాలు నేర్పే పేజీ,
మేక కోసం అన్నతో తగువుపడే పేజీ,
కోర్టులో, పగిలిన కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోతే,
"వీళ్ళలో ఎవడో చూపించమ్మా" అన్నప్పుడు
మసక మొహాల ముందు ఆమె నిలబడిపోయిన పేజీ:
అక్కడ ఎవరి బొటనవేలూ ఆగలేదు.

"ఉన్నదున్నట్టు రాశాడండీ" అంటారు తిరిగిచ్చేటప్పుడు.
ఉన్నది సరే. ఎవరికి ఉన్నట్టు?

ఈసారి లెక్క కట్టుకుంటూ చదివాను.
ఆమె మెడ మీద వెన్నెల, రెండుసార్లు.
తెగిన గుండీకి నాలుగు వాక్యాలు.
వాడి చేతికో పేరా, వాడి ఊపిరికో పేరా.
ఆమె భయానికి అర వాక్యం, అదీ కామా తర్వాత.
తొమ్మిది పేజీల్లో ఒక్కసారి కూడా
నాతెలా అన్న పేరు లేదు.
రాసినాయన దీపం పట్టుకునే నిలబడ్డాడు, కాదనను.
ఎవరి భుజం వెనక నిలబడ్డాడన్నదే నా పేచీ.

చేతకాక కాదు.
పేజీ తిప్పితే, తెల్లవారి,
ఒకే గ్లాసుని ఆమె మూడుసార్లు తొలిచి బోర్లిస్తుంది.
అంతే రాశాడు. అక్కడ నాకు ఊపిరి ఆగింది.

అయినా పెద్ద మాటలు నాకెందుకు?
ఇరవై రెండేళ్ళప్పుడు ఈ పుస్తకం నేనూ
అక్కడే మొదట తెరిచాను.
ఆ మసిలో నా వేలిముద్రా ఎక్కడో ఉంది.

కత్తి తీశాను. ఐదు కాగితాలు. ఒక్క గీత చాలు.

అప్పుడే వచ్చింది త్సియాలా, సంచిలో పెర్సిమన్ పళ్ళతో.
పోయిన చలికాలం ఈ పుస్తకాన్నే
సగంలో బోర్లా పెట్టి వెళ్ళిపోయిన మనిషి.
కత్తి వైపు చూసింది.
"కొయ్యకు" అంది.
"కోసేస్తే ఏమీ జరగలేదంటారు.
నాకూ అలాగే చెప్పారు."
కాసేపాగి,
"చీకట్లో మెట్టుంటే తవ్వెయ్యమంటామా?
ఉందని చెప్పమంటాం.
నాకెవరూ చెప్పలేదు. పడ్డ చోటే మళ్ళీ పడ్డాను."

పాత కుట్లన్నీ విప్పాను.
మడతలకి పల్చటి కాగితం అంటించి
కొత్త దారంతో బిగించి కుట్టాను,
ఏ పేజీకీ అలవాటు మిగలకుండా.
అక్కడికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇక
మొదటి పేజీ నుంచి నడిచి రావాలి,
భిన్నాలు దాటి, మేకని దాటి,
ఆమె పేరు నోట్లో పెట్టుకుని.

అట్ట లోపల పెన్సిలుతో రాశాను:
"214లో అత్యాచారం ఉంది.
వద్దనుకుంటే 223కి వెళ్ళండి.
నాతెలా బతికే ఉంటుంది."
పుస్తకాల మీద రాయకూడదని నియమం.
గోడ మీద ఆ నియమం అంటించింది నేనే.

మళ్ళీ నిలబెట్టి చేతులు తీశాను.
ఒక్క క్షణం ఊగి,
మూసుకున్నది మూసుకున్నట్టే పక్కకి ఒరిగింది.

పండు ఒలుస్తూ, ముఖం నది వైపు తిప్పి
త్సియాలా అడిగింది:
"ఆఖరికి ఏమవుతుంది ఆ పిల్లకి?"

"చాలా అవుతుంది" అన్నాను.
"ముందు మేకని అమ్మి
కళ్ళజోడు కొనుక్కుంటుంది."