గవ్వకు బాకీ

మాఘమాసం. బారువ రేవుకు దక్షిణాన
సరుగుడు తోపు దాటాక మొదలవుతుంది నా డ్యూటీ.
వల కంచెలో పద్దెనిమిది గుంటలు,
గుంటకు వందకు పైగా తాంబేలు గుడ్లు,
చేతిలో టార్చి, చంకలో కర్ర.

ఆ కర్రతోనే మొదట పాఠం చెప్పాను గవ్వకు.
నుదుట తెల్లమచ్చ, చిరిగిన ఎడమ చెవి,
ఎవరిదీ కాని ఊరకుక్క.
గుంట గోకినప్పుడల్లా నడుం మీద ఒకటి.
పదిరోజుల్లో మానేసింది.
అమ్మోరి సంబరానికి ఒక్క రాత్రి ఊళ్ళోకెళ్ళి వస్తే
నాలుగు గుంటలు ఖాళీ.
ఇసక నిండా తడి కాగితం చింపినట్టు గుడ్ల తొక్కలు.

నన్ను చూడగానే చెవులు వెనక్కి, తోక కడుపులోకి,
పక్కకు తిప్పుకున్న కళ్ళలో తెలుపు.
"చేసిన తప్పు తెలుసు దొంగముండకి" అన్నాను.

"తప్పు కాదు మామా, నీ మొకం తెలుసు దానికి"
అంది ధర్మావతి.
సోంపేట పశువుల ఆసుపత్రిలో కంపౌండరు,
కుక్కలకు సూదులెయ్యడానికి వచ్చింది.
"కొట్టి నువ్వు నేర్పిందేటి? గుడ్డు ముట్టొద్దని కాదు,
నువ్వుండగా ముట్టొద్దని."

కర్ర వంక చూశాను.
దాని దగ్గరా జవాబు లేదు.

సంచిలోంచి జామ్ సీసా రేకుమూత తీసి నొక్కింది. టిక్.
వెంటనే ఎండు నెత్తళ్ళ తునక.
టిక్, తునక. టిక్, తునక.
మొదటిరోజు కుక్క ఏ పనీ చెయ్యక్కర్లేదు,
చప్పుడంటే చేపని ఒంటికి ఎక్కితే చాలు.
ఆ తర్వాత, గుంట వైపు సాగిన ముక్కు
ఇటు తిరిగిన రెప్పపాటులో టిక్.
రెండు ఊపిర్లు ఆలస్యమైతే
నువ్వు మెచ్చుకున్నది ఇంకేదో అవుతుంది.
"మూత మాటిస్తాది మామా. మాట తప్పీకు."

అక్కడే చేతకాలేదు నాకు.
నలభై ఏళ్ళు వల లాగిన చెయ్యి
రేకు ముక్క దగ్గర తడబడింది.
వారం తిరిగేసరికి నేను నేర్పింది ఆవులించడం.
గవ్వ నా ఎదురుగా కూర్చుని
బుద్ధిగా, నోరంతా తెరిచి,
ఆవులించి, చేప కోసం చూసేది.
పడవల దగ్గర కుర్రాళ్ళు పడీపడీ నవ్వేరు.

మళ్ళీ మొదలెట్టాను.
కర్ర తోపులో వదిలేశాను; ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు.
గవ్వ తోక మెల్లగా కడుపులోంచి బయటికొచ్చింది,
ముందు సగం, తర్వాత మొత్తం.

ఫాల్గుణం చివర, కోడి కూయకముందు,
ఏడో గుంట కదిలింది.
అన్నం ఉడికినట్టు ఇసక బుడబుడమంది,
రూపాయి బిళ్ళంత డొప్పలు ఒకదాని మీదొకటి
నీటి వెలుగు వైపు పాకడం మొదలెట్టాయి.
మూడు బారల దూరంలో గవ్వ.
నోట్లోంచి జొల్లు ఇసకలోకి తీగ సాగుతోంది.
దారి తప్పిన పిల్ల ఒకటి
దాని ముందుకాలు ఎక్కి దిగింది.
ముక్కు దించింది.
వాసన పీల్చింది.
తల తిప్పి నా వైపు చూసింది.

టిక్.

జేబులో చెయ్యి పెడితే పొలుసులు తప్ప ఏమీ లేవు.

పిల్లలన్నీ నీళ్ళలో కలిసేదాకా కదల్లేకపోయాను.
తర్వాత పరుగున ఇంటికెళ్ళి, ఎండబెట్టిన తాడు మీంచి
పెద్ద కానాగంత తెంపుకొచ్చేసరికి
పొద్దు బారెడెక్కింది.
పడవ నీడలో గవ్వ నిద్రపోతోంది.
ధర్మావతి లెక్క ప్రకారం
ఇప్పుడిస్తే నిద్రపోయినందుకు ఇచ్చినట్టు.

ఇచ్చాను.
ఒక కన్ను తెరిచి తింది.
దేనికని అడగలేదు.