సిఫార్సులు వద్దు

హీయూమా దీవి, ఉత్తరపు రేవు. నవంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే దీపం వేసి
కోటు విప్పకుండానే కూర్చుంది హెల్వే.
ఆమె అడిగింది ఒక్కటే:
నీళ్లు మీటరు దాటితే గంట మోగాలి,
పడవలవాళ్లు లేచి తాళ్లు సడలించుకోవాలి.

తల్లిన్‌లో ఎవరో కుర్రాడు చెప్పిన ప్రోగ్రాం పేరు
రెండు వేళ్లతో కొట్టి ఎంటర్ నొక్కింది.

"దీనికి తోడుగా రెండు వందల పద్నాలుగు ప్యాకేజీలు వస్తాయి.
ఆరు వందల పదకొండు మెగాబైట్లు.
కొనసాగించమంటారా?"

ఎంత మర్యాదో యంత్రానికి!
మావైపు నుంచి కొంచెం మందే వస్తారండీ
అని కండువా సర్దుకునే మగపెళ్ళివారి పెద్దలాగా.

కిటికీ గట్టు మీద మోడెం.
గాలి పడమటికి తిరిగితే సిగ్నల్ రెండు గీతలు.
నెలకి రెండు గిగాలు; అందులోనే మంచు పటాలు,
ఫెర్రీ వేళలు, ఆదివారం ఆర్వోతో చదరంగం.
అందుకే ఆమె వై కొట్టలేదు, ఎన్ కొట్టలేదు.
కళ్లజోడు తుడుచుకుని
ఓడ సరుకు పట్టీ చదివినట్టు
వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది.

గంటకి కిటికీ కావాలట. కిటికీకి బొమ్మలట.
బొమ్మలకి రంగుల లెక్క తెలిసినవాడొకడు,
వాడికేమో ప్రింటరుతో బంధుత్వం.
ఈ గదిలో ప్రింటరు ఎప్పుడూ లేదు.
బ్లూటూత్. జాయ్‌స్టిక్.
వాతావరణం చెప్పే సూర్యుడి బొమ్మ,
అసలు సూర్యుణ్ణి చూసి పన్నెండు రోజులైంది.
ఒక డేటాబేసు, దేన్ని గుర్తుపెట్టుకోడానికో.

గోచీని ఎలుకలు కొరికాయని పిల్లిని తెచ్చుకున్న సన్యాసి
చివరికి ఎక్కడ తేలాడో మనకి తెలుసు.
హెల్వేకి ఆ కథ తెలీదు.
ఆమెకి తెలిసింది పోయినేటి సంగతి:
వాడని బ్లూటూత్ ఒక్కటీ తీసేయమంటే
సరే, దాంతోపాటు డెస్క్‌టాప్ మొత్తం తీసేస్తున్నా అంది యంత్రం.
ఆ రోజు విసుగొచ్చి వై కొట్టేసింది.
నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. అప్పట్నుంచీ ఇదే.
బాగానే ఉందంటుంది కూడా.

సిఫార్సులు వద్దు అని ఒక మాట చేర్చి
మళ్లీ అడిగింది.
రెండు వందల పద్నాలుగు కాస్తా నలభై ఒకటైంది.
ఎవరో చెబితే వచ్చినవాళ్లే అంతమంది!
ఆ నలభై ఒకటీ కూడా చదివింది.
ఎన్.

తొమ్మిది వరసలు తనే రాసుకుంది.
అంకె చదువు. హద్దుతో పోల్చు. మించితే గంట కొట్టు.
పది నిమిషాలు పడుకో. మళ్లీ లే.

మొదటి రాత్రి ఊరికే మోగింది, నాలుగు గంటలపాటు.
అక్కడివాళ్లు దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు;
కామా చూస్తే షెల్లుకి అయోమయం.
ఆర్వో పైజమా మీదే బూట్లేసుకొచ్చి తిట్టాడు.
మీటర్లు మానేసి సెంటీమీటర్లు పెట్టింది.
అప్పుడు ఊరుకుంది.

ఎవరి మీదా ఆధారపడలేదని మాత్రం అనదు.
ఆ తొమ్మిది వరసల కింద షెల్లు,
షెల్లు కింద కెర్నెలు, కరెంటు,
ఎవరో రాసి ఎప్పుడో మర్చిపోయిన గడియారం,
సముద్రంలోకి దిగిన ఇనప గొట్టం.
గొట్టంలో మంచు పేరుకుంటే
కెటిల్ పట్టుకెళ్లి తనే వేన్నీళ్లు పోస్తుంది.
ఆ పనికింకా ప్యాకేజీ రాలేదు.

ఇంకొక్క మాట.
మొదటి జాబితాలో నూట అరవయ్యోది
లోకంలోని లిపులన్నిటి ఫాంట్లు.
జార్జియన్, ఖ్మేర్, అమ్హారిక్, ఆ గుంపులోనే తెలుగు.
అక్కడ గంట కొట్టడానికి మనమెందుకు బయల్దేరామో
నాకూ తెలీదు. ఎవరో సిఫార్సు చేసుంటారు.
గుమ్మం దాకా వెళ్లి, తలకట్లు సర్దుకుని,
పిలుపు రాక వెనక్కొచ్చాం.

కాబట్టి ఈ కవిత ఎవరైనా ఆమెకి పంపితే
తెర నిండా ఖాళీ గళ్లే కనిపిస్తాయి,
చలికాలం ఒడ్డున పేర్చిన చేపల పెట్టెల్లా.
కాసేపు చూస్తుంది. తప్పు పట్టను.
తర్వాత అంకె వైపు తిరుగుతుంది.
ఎనభై ఏడు.