మునగచెట్టు మాట

కొత్తపేటలో మా డీటీపీ గది మేడమీద,
సుభానీ గారి బల్ల కింద, పేవ్‌మెంటు మీద.
మధ్యలో ఒక నైలాను తాడు, ఒక ప్లాస్టిక్ బుట్ట.
టైపు చేసిన దస్తావేజులు ఎగిరిపోకుండా
పాత తాళంకప్ప బరువు పెట్టి
కిందికి దింపుతాను.

ఆ బుట్టను చూస్తే ఆయనకి చైనా గుర్తొస్తుంది.
బెజవాడ లెనిన్ సెంటర్లో ముప్పై రూపాయలకి కొన్న
అట్టలేని చరిత్ర పుస్తకం చైనా.
అక్కడ చక్రవర్తి ఫర్మానాని
కోటగుమ్మం మీంచి
పూత పూసిన కొయ్యపక్షి ముక్కున కరిపించి
తాడుతో దింపేవారట.
కింద మంత్రులు మోకాళ్ల మీద.
"మనకి మోకాళ్లెక్కడివమ్మాయ్, నొప్పులే గానీ"
అంటారు, టీ చప్పరిస్తూ.

ఇంకోటి కూడా చెప్పారు.
పాత రాజుల కాగితం
"ఆకాశం మమ్మల్ని కరుణించి" అని మొదలయ్యేదట.
కరువులో ఇంటిల్లిపాదినీ పూడ్చి
చిప్ప పట్టుకుని తిరిగినవాడొకడు
సింహాసనమెక్కి ఆ మాట కొట్టేయించాడు.
అందులో అణకువ చాల్లేదన్నాడు.
"ఆకాశం ఆనతి తలదాల్చి" అని రాయమన్నాడు.
ఐదువందల ఏళ్ల పైచిలుకు
ఎవరూ దాన్ని కదపలేదు.
"తల వంచుకొచ్చినవాడి ముందు
ఎవడు తలెత్తగలడు చెప్పు?"

ఆ మాట మొదట రాసిన గుమాస్తా పేరు
పుస్తకంలో లేదు.
ఆయన రెండుసార్లు వెతికారు.

ఓ సోమవారం దీనమ్మ వచ్చింది.
మిరపకాయల తొడాలు తీసి తీసి
వేళ్లు మండే మనిషి.
నల్లపాడులో సెంటున్నర అమ్ముతోంది.
సుభానీ గారు గొంతు సవరించుకుని చదివారు:
"నిధి నిక్షేప జల తరు పాషాణ
అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి
అష్టభోగములతో, ఆచంద్రార్కము..."

"నిధులెక్కడియ్యా?
ఓ కుళాయి, ఓ మునగచెట్టు.
మా ఆయన చచ్చిపోయిన ఏడు పాతిన కొమ్మ.
స్థలం పోతే పోయింది,
కాయలు కోసుకోనిస్తారా?"

కొనేవాడు గడియారం చూసుకుని సరే అన్నాడు.
"నోటిమాట కాదు, రాయండి" అంది.

ఆయన కలం అలా ఆగడం
పదకొండేళ్లలో నేను చూళ్లేదు.
ఫార్సీ మాటలూ సంస్కృతం మాటలూ
వరసలో నిలబడి ఉన్నాయి,
ఒక్కటీ ముందుకు రాలేదు.
చాలాసేపటికి బుట్టలో చీటీ పైకొచ్చింది:

సదరు మునగచెట్టు కాయలు
దీనమ్మ బతికున్నంత కాలం కోసుకోవచ్చు.
ఎవరూ అడ్డు చెప్పరాదు.

"సదరు" ఒక్కటీ వదల్లేకపోయారు.
రిజిస్ట్రారు కళ్లజోడు పైకి తోసుకుని
ఆ వాక్యం దగ్గర కాసేపు కూర్చున్నాడు.
ముద్ర పడింది.

మూడు నెలల తర్వాత
బృందావన్ గార్డెన్స్‌లో ఫ్లాటు కొంటున్నాయన,
నాలుగో అంతస్తు, పిడికెడు మట్టి లేదు,
ఎవరిదో జిరాక్సు పట్టుకొచ్చి అడిగాడు:
"ఈ మునగచెట్టు మాట
మా కాగితంలో పెట్టలేదేం?
రేపేమన్నా ఇబ్బందొస్తే?"

సుభానీ గారు తలెత్తి నావైపు చూశారు.
నేను కిటికీలోంచి ఆయనవైపు.
బుట్ట మా ఇద్దరి మధ్యా
గాల్లో మెల్లగా తిరుగుతోంది.