ఖాళీకి కూలి

నల్లగొండ ప్రకాశం బజార్ల
ఎరువుల దుకాణం మీది అంతస్తు.
ఇరవై రెండేండ్ల కింద డ్రాయింగ్ సారు పెట్టిన గ్యాలరీ.
"బొమ్మలు చూసి కొత్త డిజైనేదన్న తేపో"
అని బస్ కిరాయిచ్చి పంపిండు సేటు.

నేను పోయేసరికి గ్యాలరీ ఎత్తేస్తున్నరు.
పటాలన్నీ పాత దుప్పట్ల చుట్టి
మెట్ల కాడ నిలవెట్టిండ్రు.
కిందికెల్లి యూరియా వాసన.
"రేపటి సంది ట్యూషన్ సెంటరమ్మా"
సారు చాయ్ తెప్పిచ్చిండు.

చాయ్ తాగుకుంట గోడ దిక్కు చూసిన.
ఎండ తాగి, దుమ్ము తాగి
పసుపు తిరిగిన గోడ మీద
పటాలున్న జాగలు మాత్రం తెల్లగ,
నిన్ననే సున్నమేసినట్టు.
పదకొండు.
ఒక్కోదాని నెత్తి కాడ ఒక్కో మేకు.
కిటికీ పక్కది కొంచెం వంకర.
ఇన్నేండ్లు ఆ పటం ఒరిగే ఉన్నదేమో,
ఎవ్వరూ సరిజేయలే.

బస్సు టికెట్ ఎనుక గీసుకున్న.
చిట్యాల దాటేసరికి
నా ఒళ్లెకు గోడ వచ్చి కూసున్నది.

పుట్టపాకల ఆ రాత్రి
బిడ్డ లెక్కల పుస్తకంలకెల్లి గ్రాఫు కాయితం చింపి
గడి గడికి చుక్క పెట్టిన.
మా లచ్చుమయ్య వంగి చూసిండు:
"ఏందే అండాలూ,
ఏనుగు లేదు, విమానం లేదు,
మా తాత నేసిన గడియారం సుత లేదు!"

నూలు ఆముదపు కాయల బూడిద నీళ్లల్ల,
నూనెల, మళ్ల ఎండల,
పదహారు దినాలు మునిగి తేలింది.
బువ్వ తింటుంటే చేతులు అదే వాసన.
ఆసు పోసుడైంది.

చిట్కి కట్టేటోళ్లకే ఎరుక,
దారం బిగిచ్చిన కాడ రంగు దూరది.
పువ్వు కావాల్నంటే పువ్వంత కడుతం.
ఏమీ లేని జాగ కావాల్నంటే
జాగంతా కట్టాలె.
పడుగుల ఒకపాలి, పేకల ఒకపాలి.
రెండు ఖాళీలు కలిసిన కాడనే తెలుపు.
సైకిల్ ట్యూబు పేలికలు
గోరు సందుల్ల నల్లగ దిగినై.
నెమలికి మూడు దినాలైతే చాలు,
నా పదకొండు ఖాళీలకు పందొమ్మిది పట్టినై.

వంకరదాన్ని వంకరగనే కట్టిన.
అన్నిట్లకు దానికే
ఎక్కువ సూటి చూపు కావలసొచ్చింది.

సారు గోడ పసుపు. మాకున్నవి మూడే రంగులు,
గుంట మగ్గంలకెల్లి ఎర్రగోడ లేచింది.
తెల్లటి జాగల అంచులు
చెమ్మ పట్టినట్టు మసక మసక.
మేకులకు ఒక్కో నల్లచుక్క.
లచ్చుమయ్య నాడె ఆపిండు:
"ఇగో, ఈడ పోగు జారినట్టున్నదే."
"పోగు జారలే," అన్న,
"పటం జారింది."

సేటు దస్తీని అటు ఇటు తిరగేసిండు,
ఫోను లైటు కొట్టి చూసిండు.
"పని మంచిగున్నది. బొమ్మేదమ్మా?"
"నేను పోయేసరికి దించిండ్రు సేటూ."
నవ్విండు.
వంకరగున్నదని రెండు వందలు కోసిండు,
ఖాళీకి కూలేందన్నడు.
నేను ముడులు చెప్పుకుంట పోయిన.
ఒక్కో ఖాళీకి ఎన్ని, పడుగుల ఎన్ని, పేకల ఎన్ని.
కాలిక్యులేటర్ కొట్టి కొట్టి
ఆరో ఖాళీ కాడ అలిసిపోయిండు.
ఆరింటికే ఇచ్చిండు.

మిగిలిన అయిదూ
నా పేరు మీదనే ఉన్నయి ఇంక.

మొన్న ఇంట్ల సొసైటీ క్యాలెండర్ దించిన.
పొగ పట్టిన గోడల
లేతనీలం ముక్క, నాలుగు మూలలు చెక్కుచెదరలే.
"అమ్మా, ఈడ ఏం తగిలిద్దాం?"
బిడ్డ అప్పుడే మేకు మీద చెయ్యేసింది.
ఆగుమని
జానతోని కొలిచిన.

అడ్డం జానెడు. మీద మూడు వేళ్లు.