జిగురు

ద్రవ నైట్రోజన్ డబ్బా విశాఖ నుంచి
మంగళవారం వ్యానులో వస్తుంది.
మూత తీస్తే తెల్లటి పొగ నేలమీద పాకి
నా చెప్పుల చుట్టూ ఒకసారి తిరిగి ఆరిపోతుంది.
రోట్లో గోగాకు వేసి ఆ చలిని పోస్తాను.
ఆకు గాజులా పెళుసెక్కుతుంది.
నూరుతాను,
పచ్చడికి నూరినట్టే, ఉప్పూ కారం లేకుండా.

విజయనగరంలో, కంటోన్మెంటు దాటాక
రెండు గదుల ల్యాబు మాది.
ఒక గదిలో యంత్రాలు,
రెండో గదిలో వాటి మరమ్మతు కాగితాలు.
తుఫానుకి కరెంటు పోయిన మూడు రోజులూ
చింతపల్లి చేపల వ్యాను ఐసుతో ఫ్రీజర్ని బతికించాం.
ఇప్పటికీ తలుపు తీస్తే వంజరం వాసన.
పదకొండేళ్లుగా నేనిక్కడ ప్రాజెక్టు ఫెలోని.
మార్చి వచ్చిందంటే నా ఉద్యోగానికి జ్వరం.
ఏప్రిల్లో ఎవరో సంతకం పెడితే దిగుతుంది.

నేను వెతికేది చిన్నదే.
వాన నిలిచిన మడిలో గోగంతా మొదలు కుళ్ళి ఒరిగిపోతే
ఒక్క మొక్క ఎందుకు నిలబడింది?
గుర్ల దాటాక ఒక రైతు చూపించాడు దాన్ని,
పొలం పోయిన కోపంలోనే, వేలెత్తి.
నూట ఏడు విత్తనాలు. లెక్కపెట్టి తెచ్చుకున్నాను.

కానీ గోగాకులో జిగురుంది.
పుస్తకంలో పద్ధతికి ఆ సంగతి తెలీదు.
అరవై అయిదు డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచి
క్లోరోఫామ్‌తో కడిగి, చల్లటి ఆల్కహాల్ పోస్తే
తెల్లని పోగు తేలాలి.
తేలేది చీమిడి.
పిపెట్ మొనకంటుకుని సాగి, సాగి
నా ఎనిమిది నెలల్ని వెంట లాక్కుపోయింది.
జెల్ మీద నీలిరంగు పరిగెత్తేది.
దీపం కింద పెడితే గీతల్లేవు,
ఎవరో పలక తుడిచేసినట్టు.
నోట్‌బుక్‌లో తేదీ వేసి "రాలేదు" అని రాసేదాన్ని.
కొన్నాళ్లకి తేదీ ఒక్కటే వేశాను.

గాజుసామాను కడిగే ఎర్నమ్మ
అంతకుముందు ఇరవై రెండేళ్లు జూట్ మిల్లులో ఉంది.
గేటుకి తాళం పడ్డ ఏడాది ఇటొచ్చింది.
ఆమె బొటనవేలి మీద పోగు కోసిన గాడి.
నా బొటనవేలి మీద పిపెట్ నొక్కిన కాయ.
ఒకరోజు రెండూ పక్కపక్కన పెట్టి చూసి నవ్వింది.

"ఏటి పాపా, రోజూ ఆ జిగురుతో కుస్తీ?
పొద్దెక్కీసినాక తెంపుకొచ్చీసి
జిగురుందీ జిగురుందీ అంటే ఎలాగ?
సీకటుండగా ఎల్లు. లేత సిగురు గిల్లు.
ముదురాకు మొండిది, నీ మాటినదు."

నాలుగున్నరకి స్కూటీ తీశాను.
టార్చి పళ్లమధ్య కరుచుకుని
మంచుకి తడిసిన చిగుళ్లు గిల్లాను.
తొమ్మిదిన్నరకి, గొట్టం మెల్లగా తలకిందులు చేస్తుంటే
పోగు.
నిజంగా పోగే.

రాత్రంతా ఆకు తన పిండిని తానే తిని తేలికవుతుందని
నాకు ముందునుంచీ తెలుసు.
డిగ్రీ పరీక్షలో రాశాను కూడా. పదికి తొమ్మిది.

ఎర్నమ్మ కళ్లజోడు సర్దుకుని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది.
"నారే," అంది.
"మరీ సన్నం. వడికితే తెగిపోద్ది."
చేతులు తుడుచుకుని బీకర్ల దగ్గరికి పోయింది.

ఈసారి జెల్ మీద గీతలొచ్చాయి.
కుళ్ళిన మొక్కకీ, నిలబడ్డ మొక్కకీ
అచ్చం ఒకేచోట, ఒకే మందాన.
తేడా ఇంకెక్కడో ఉంది.
ఇంకో చోట వెతకాలి, ఆ తర్వాత ఇంకో చోట.
ఇది మార్చి ఇరవై ఆరు.

"దొరికిందేటి?" గుమ్మంలోంచి అడిగింది.
తల అడ్డంగా ఊపాను.
"అయితే రేపు బేగి లెగు," అని
చెప్పులు తొడుక్కుంది.

టార్చికి కొత్త సెల్లు కొన్నాను.
జత ఇరవై నాలుగు రూపాయలు.
బిల్లు అడగలేదు.